ఎడమ దండె ఇంటిపేరు

మట్టల ఆదివారం పూజ అయ్యాక, చర్చి గుమ్మం దగ్గర సోదర సమాజం పెద్ద దల్మాసియో ఒబ్దూలియాను పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించి, ఈ శుక్రవారం పల్లకి ముందు ఎడమ దండె ఆమె కూతురు మొయ్యడానికి వీల్లేదని చెప్పాడు. చెప్పి ఊరుకున్నా బాగుండేది. తనకి పిల్ల మీద ఏ కోపమూ లేదనీ, నోయెలియా బంగారంలాంటి పిల్లనీ, రూలే అలా ఉందనీ పదే పదే అన్నాడు. అతను మాట్లాడుతున్నంతసేపూ ఒబ్దూలియా చేతిలోని దీవెన కొమ్మ ఆకుల్ని ఒక్కొక్కటే గిల్లి మెట్ల మీద పడేసింది. అతని మాట అయ్యేసరికి కొమ్మకి పుల్ల మిగిలింది.

"మూడేళ్లుగా మోస్తున్నప్పుడు అడ్డురాని రూలు ఇప్పుడెక్కణ్నుంచి ఊడిపడిందండీ?" అంది.

"అప్పుడు మీ నాన్న ఉన్నాడు కదమ్మా. ఆయన దండె, ఆయన ఇష్టం. ఎవర్ని పెట్టుకున్నా మేమేం అనలేదు. ఇప్పుడది ఇంటిపేరుది."

వ్యాకులమాత పల్లకికి ముందు నాలుగు దండెలు. అవి నాలుగు ఇళ్లవి. ఎడమ చివరిది సాన్‌రోమాన్ వాళ్లది. ఒబ్దూలియా తండ్రి గౌదెన్సియో జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచి దాని కింద భుజం పెట్టాడు. నడుం పడిపోయాక మనవరాలిని పెట్టాడు. నోయెలియాది అచ్చం తాత ఎత్తు, తాత నడక. ఆ మూడేళ్లూ ముసలాయన కర్ర పట్టుకుని పల్లకి పక్కనే నడుస్తూ, పిల్ల అడుగు తడబడినప్పుడల్లా కర్రతో రాళ్ల మీద తాళం వేసేవాడు. జనవరిలో ఆయన పోయాడు.

ఇప్పుడు ఆ దండెకి వారసుడు కావాలి. వారసుడంటే సాన్‌రోమాన్ అనేది ముందు ఉన్నవాడు. అందరికీ ఉన్నట్టే నోయెలియాకీ రెండు ఇంటిపేర్లు. ముందు తండ్రిది, వెనక తల్లిది: నోయెలియా ఎక్స్‌పోసితో సాన్‌రోమాన్. వెనకున్నది లెక్కలోకి రాదు. రేపు ఆ పిల్లకి పిల్లలు పుడితే అదీ రాలిపోతుంది. ఒబ్దూలియాకైతే సాన్‌రోమాన్ ముందే ఉంది. ఆడవాళ్లకి దండె ఇవ్వడం మొదలై పదేళ్లయింది కాబట్టి ఆమె మొయ్యచ్చు. కానీ పోయిన శరదృతువులో భుజానికి ఆపరేషన్ అయింది. పిండి సంచి పక్కకి జరపడానికే మొగుణ్ని పిలుస్తోంది.

ఇక మిగిలింది ఆమె బాబాయి కొడుకు లెయాంద్రో. వయ్యదోలిద్ పట్నంలో పళ్ల డాక్టరు. చావులకీ, చెర్రీ పళ్లకీ తప్ప ఊళ్లోకి రాడు.

"వాడికి ఆ దండె ఎటువైపు ఉంటుందో తెలుసా అసలు?" అంది ఒబ్దూలియా.

"నేర్చుకుంటాడమ్మా. రేపు రిహార్సల్‌కి వస్తానన్నాడు," అని దల్మాసియో, ఫాదర్ తనని పిలిచినట్టు లోపలికి వెళ్లిపోయాడు. ఫాదర్ ఏమీ పిలవలేదు.

ఇంటికొచ్చాక ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆ వారం రొట్టెల దుకాణంలో ఊపిరాడనంత పని. ఊరంతా పాల రొట్టెలు తింటుంది. నిన్నటి రొట్టెని బొటనవేలంత మందంగా కోసి, దాల్చినచెక్క వేసి కాచిన పాలల్లో నానబెట్టి, గుడ్డులో ముంచి, నూనెలో వేయించి చక్కెరలో దొర్లించాలి. కోసేది ఆమె, వేయించేది ఆమె మొగుడు తెల్మో. ఆ సాయంత్రం ఆమె కోసిన ముక్కల్లో ఒకటి దిమ్మలా, ఒకటి కాగితంలా వచ్చాయి. తెల్మో వాటిని చూసి, దిమ్మలాంటివాటిని మరికాసేపు పాలల్లో ఉంచి, పల్చటివి పక్కన పెట్టాడు. అతను మొదట్నుంచీ అంతే. ఎవరేం పాడుచేసినా సర్దడమే తన పని అనుకుంటాడు.

పాతికేళ్ల కిందట ఆ దుకాణంలో పనికి చేరాడు తెల్మో. యజమాని కూతుర్ని చేసుకున్నాడు. ఇప్పటికీ బోర్డు మీద సాన్‌రోమాన్ అనే ఉంది. ఊళ్లో అతన్ని సాన్‌రోమాన్ వాళ్ల తెల్మో అంటారు. అతని సొంత ఇంటిపేరు ఎవరి నోటా రాదు, వచ్చినా బాగుండదు. ఎక్స్‌పోసితో అంటే గుమ్మం ముందు వదిలేసిపోయిన బిడ్డ. అతని ముత్తాతని ఎవరో లెయోన్ పట్నంలో అనాథాశ్రమం దగ్గర వదిలిపెడితే, అక్కడి పిల్లలందరికీ తగిలించిన పేరే ఆయనకీ తగిలించారు. బడిలో తెల్మోని పిల్లలు "నిన్నెక్కడ పారేశార్రా" అని అడిగేవాళ్లు. ఆ సంగతి పెళ్లికి ముందు ఒక్కసారి చెప్పాడు, మళ్లీ ఎత్తలేదు.

సోమవారం సాయంత్రం రిహార్సల్‌కి ఒబ్దూలియా వెళ్లకుండా ఉండాల్సింది. వెళ్లింది. విగ్రహానికి బదులు పల్లకి మీద ఇసుక మూటలు వేశారు. లెయాంద్రో కొత్త తోలు చెప్పులేసుకుని వచ్చాడు. మనిషి పొడుగు. దండెల దగ్గర పొడుగువాడి భుజం మీదే బరువంతా పడుతుందని ఆ ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు. మిగతా ఊళ్లలో మనుషుల్ని ఎత్తు చూసి నిలబెడతారు. ఇక్కడ ఇంటిపేరు చూసి నిలబెడతారు, పొట్టివాళ్ల భుజాన కంబళి మడతలు వేస్తారు. పొడుగువాళ్లకి వెయ్యడానికేమీ లేదు. పాత ఆసుపత్రి గోడ దగ్గర సందు ఇరుకై, ఎడమకి తిరుగుతుంది. అక్కడ బరువంతా ముందు ఎడమ దండె మీదకి ఒరుగుతుంది. ఆ మలుపులో లెయాంద్రో మెడ నరాలు తేలాయి, మొహం కందిపోయింది. అయినా దించమనలేదు. ఆ మాత్రం పౌరుషం ఉందన్నమాట అనుకుంది ఒబ్దూలియా. అలా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకేసింది.

నోయెలియా గోడకి ఆనుకుని చూస్తోంది. మోసేవాళ్ల అడుగడుక్కీ ఆమె ఎడమ మడమ నేల మీద ఆడుతోంది. అది చూశాక ఒబ్దూలియాకి కోపం ఇక ఆగలేదు.

రిహార్సల్ అయ్యాక లెయాంద్రో భుజం రుద్దుకుంటూ వచ్చి, "అక్కా, కోపమా?" అన్నాడు.

"నీ మీదెందుకురా కోపం? నిన్ను కన్నది మా బాబాయి, నన్ను కన్నది మా నాన్న, దీన్ని కన్నది నేను. తప్పు నాదేగా," అంది.

అతను నవ్వాలో వద్దో తెలియక, బుధవారం విందులో అందరికీ ఒక మంచి సంగతి చెప్తాననీ, మన ఇంటిపేరు చరిత్ర అంతా తవ్వి తీయించాననీ అన్నాడు. తవ్వకపోతే ఏం పోయేది అనుకుంటూ ఆమె శాలువా బిగించుకుని వచ్చేసింది.

మంగళవారం రొట్టె కొనడానికొచ్చిన కోర్టు గుమస్తా మాటల్లో ఒక సంగతి చెప్పింది. మైనారిటీ తీరినవాళ్లు ఎవరైనా రిజిస్ట్రారు దగ్గరికెళ్లి ఇంటిపేర్లు రెండింటినీ ముందువెనకలు చేసుకోవచ్చట. కారణం అడగరట. ఒబ్దూలియా చిల్లర ఇవ్వడం మర్చిపోయి వెంటనే కొట్టు తలుపు సగం వేసింది. ఇంత తేలికని తెలియక రెండు రోజులు తలబద్దలు కొట్టుకున్నందుకు తనని తాను తిట్టుకుంది. సరాసరి దల్మాసియో మందుల షాపుకి వెళ్లి అడిగింది. అతను మాత్రల డబ్బాలు సర్దుతూ చాలాసేపు ఆలోచించి, సాన్‌రోమాన్ ముందుకొస్తే పిల్లకి హక్కొస్తుందని ఒప్పుకున్నాడు. ఈ ఏటికి మాత్రం లెయాంద్రోకి మాటిచ్చేశానన్నాడు. దరఖాస్తు పడనివ్వండి, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ తర్వాత అనే మాట విని విని ఆమె చెవులు చిల్లులు పడ్డాయి.

అన్నాల దగ్గర ఆమె ఆ సంగతి బయటపెట్టింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తాత దండె మన గడప దాటిపోకుండా ఉండటానికి ఇదొక్కటే దారి అంది. ఇందులో ఎవరికీ నష్టం లేదంది. మాట పూర్తయ్యాక గానీ మొగుడు ఎదురుగా కూర్చున్నాడని గుర్తు రాలేదు. నోయెలియా తల్లిని కాదు, తండ్రిని చూసింది.

"నాన్నా?"

తెల్మో శనగల గిన్నెలో గరిటె నెమ్మదిగా తిప్పుతూ, "మార్చుకో తల్లీ," అన్నాడు. "అది ముందుండి నాకేం ఒరగబెట్టింది గనక."

ఉక్రోషం లేదు, నిష్ఠూరం లేదు. పాత చొక్కా చింపి మసిగుడ్డ చేసుకోమన్నట్టు చెప్పాడు. నోయెలియా కంచం తీసుకెళ్లి తొట్లో పెట్టి, పంపు తిప్పి, నీళ్లు పొంగుతున్నా చూస్తూ నిలబడింది. దరఖాస్తు మీద రేపు సంతకం పెడతావా అని ఒబ్దూలియా అడిగింది. చూస్తానమ్మా అంది. ఇంట్లోనూ అదే మాటా అని ఒబ్దూలియాకి ఏడుపొచ్చినంత పనైంది. ఈ గోల అంతా ఆ పిల్ల కోసమేగా. ఒక్కరైనా తనవైపు గట్టిగా నిలబడరేం?

బుధవారం సాయంత్రం సమాజం హాల్లో విందు. వెల్లుల్లి రొట్టె పులుసు, ఉప్పుచేప, వారమంతా నిమ్మచెక్కలూ దాల్చినచెక్కా వేసి నానబెట్టిన ద్రాక్షసారా. లెయాంద్రో గోడకి ఒక పటం ఆనించి పెట్టాడు. ఎర్రటి డాలు మీద బంగారు కోట, పైన ఇనప టోపీ. భోజనాలయ్యాక లేచి చదివాడు. సాన్‌రోమాన్ అనే వీరుడు ఉత్తరపు కొండల్లోంచి రాజుగారి వెంట దిగాడట, కోట పట్టాడట, ఆ కోట పేరే ఇంటిపేరైందట, ముందు ఎడమ దండె రాజుగారి మర్యాదట. కొందరు చప్పట్లు కొట్టారు. దల్మాసియో అందరికంటే ముందు కొట్టాడు. ఒబ్దూలియాకి ఆ కోట మీద ఉప్పుచేప ముల్లు విసరాలనిపించింది.

పొయ్యి దగ్గర కూర్చున్న ఫ్రోయిలాన్‌కి అప్పుడే దగ్గు తెర వచ్చింది. దగ్గు కాదు, నవ్వు. ఆయనా సాన్‌రోమానే. దల్మాసియోకి ముందు సమాజం పెద్ద. తొంభైకి దగ్గర పడ్డాడు, పిల్లల్లేరు.

"ఏ కోట నాయనా?" అన్నాడు. "ఆ మలుపులో ఉన్న గోడా?"

లెయాంద్రో మర్యాదగా, ఏ గోడండీ అన్నాడు.

ముసలాయన గ్లాసు కింద పెట్టి, నోరు తుడుచుకుని, అందరికీ తెలిసిన సంగతిలా చెప్పాడు. నిజానికి ఆయన ఈడువాళ్లందరికీ తెలుసు, వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఆ గోడ పునీత రోమాన్, అంటే సాన్‌రోమాన్, ఆసుపత్రిది. నడిపింది ఈ సమాజమే. గోడలో తిరిగే చెక్క గూడు ఉండేది. బిడ్డని అందులో పెట్టి, తిప్పి, గంట కొట్టి వెళ్లిపోయేవాళ్లు. లోపల సిస్టర్లు తీసుకునేవాళ్లు. అలా వచ్చిన ప్రతి బిడ్డకీ ఆసుపత్రి పేరే ఇంటిపేరు. ఊళ్లో ఒకప్పుడు అన్ని సాన్‌రోమాన్ ఇళ్లుండేవంటే అన్నీ ఆ గూట్లోంచి వచ్చినవే.

"మీ తాతకీ మా నాన్నకీ రక్తసంబంధం ఉందో లేదో ఆ వ్యాకులమాతకే తెలియాలి," అన్నాడు. "దండెలు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. తండ్రే లేనివాళ్ల సంగతేంటి? వాళ్లకీ ఒకటి ఇద్దామన్నారు. ఏది ఇచ్చారు? మలుపులో నడుం విరగ్గొట్టేది. అది ఎవరూ వద్దన్న దండె నాయనా. అది మోసి మోసి మర్యాద చేసుకున్నాం, అంతే."

ఎవరో సారా పోసుకున్నారు. లెయాంద్రో చెవులు ఎర్రబడ్డాయి. ఆధారాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ముసలాయన, నా ఇంటిపేరే ఉంది, ఇంకేం కావాలన్నాడు. దల్మాసియో లేచి, కథలు వేరు, సమాజం నియమాలు వేరు అంటూ అందరికీ పాల రొట్టెలు పంచమన్నాడు. ఆ రొట్టెలు తెల్మో వేయించినవే. అతను తలుపు దగ్గర ఖాళీ పళ్లేలు ఒకదానిలో ఒకటి దొంతర పెడుతున్నాడు. విన్నాడో లేదో మొహం చూస్తే తెలియలేదు.

ఇంటికి నడుస్తుంటే ఒబ్దూలియాయే ఎత్తింది. "విన్నావా ముసలాయన మాటలు?"

"విన్నాను."

"మరి ఏమీ అనవేం?"

"ఏమనాలి? ఆ పిల్లలకి కనీసం ఒక పునీతుడి పేరు దొరికింది," అన్నాడు తెల్మో. తర్వాత, రేపటికి పాలు తక్కువ పడతాయేమో అన్నాడు.

ఆమెకి అప్పుడే ఏదో తట్టి ఉండాల్సింది. తట్టలేదు. దల్మాసియో మీద కోపం అంతగా కమ్మేసి ఉంది. ఇంత విన్నాక కూడా నియమం నియమం అంటాడా అని దారిపొడుగునా సణిగింది.

గురువారం దుకాణం తెరవగానే దల్మాసియో వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, రొట్టెల్ని పరీక్షగా చూసి, చివరికి విషయానికొచ్చాడు. లెయాంద్రో తెల్లవారకముందే వెళ్లిపోయాడట. నడుం పట్టేసిందని ఫోన్ చేశాడట. పటం కూడా తీసుకెళ్లాడు.

"నడుం కాదు పట్టేసింది," అంది ఒబ్దూలియా.

"ఏదైతేనేం. ముందు దండె ఖాళీ అయింది. పిల్లని పంపించమ్మా. దరఖాస్తు తర్వాత తీరిగ్గా పెట్టుకుందురు గాని. రేపు నేను సాన్‌రోమాన్ అని పిలుస్తాను. తను ఉన్నాను అంటే చాలు, అందరి ముందూ ఖాయమైపోయినట్టే."

వారమంతా ఆమె కోరుకున్నది ఇదే. కానీ దొరికిన తీరు చూస్తే ఆమెకి సంతోషం కంటే కసే ఎక్కువ కలిగింది. సరేనంది. అతను వెళ్లాక లోపలికి పరిగెత్తి, తెల్మో, మన పిల్లే మోస్తోంది అని అరిచింది. తెల్మో చెయ్యి నూనె మీద ఆగి, మంచిదన్నాడు. వేగుతున్న రొట్టె మాడబోతుంటే తిప్పాడు. నోయెలియాకి చెప్తే, ఏమని పిలుస్తారు అని అడిగింది. సాన్‌రోమాన్ అని, మరింకేమని అంది ఒబ్దూలియా. పిల్ల తల ఊపింది. సాయంత్రం నల్ల అంగీ ఇస్త్రీ చేసింది తెల్మోనే. భుజం దగ్గర కుట్టు రుద్దకుండా లోపల మెత్తటి గుడ్డ పెట్టి కుట్టాడు. సూది పట్టుకున్న ఆ లావాటి వేళ్లని ఒబ్దూలియా చూస్తూ నిలబడింది. కళ్లజోడు పెట్టుకోవచ్చుగా అని మాత్రం కసిరింది.

శుక్రవారం పొద్దున చర్చి లోపల కాలు పెట్టడానికి చోటు లేదు. బయట వాద్యాల వాళ్లు డోళ్ల మీద నల్ల గుడ్డలు కప్పి నిలబడ్డారు. ఒబ్దూలియా కొవ్వొత్తులు పట్టుకున్న ఆడవాళ్ల వరసలో ఉంది. తెల్మో ఎప్పట్లాగే గోడ వారన, స్తంభం వెనక. నోయెలియా ముసుగు వెనక్కి వేసుకుని, ముందు ఎడమ దండె మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

పల్లకి లేచే ముందు నాలుగు ఇంటిపేర్లూ పిలవాలి, నాలుగూ పలకాలి. పోయినేటి దాకా సాన్‌రోమాన్ అంటే తాతే పలికేవాడు. అవి పలికితే గానీ వెనకవాళ్లు భుజం పెట్టరు. దల్మాసియో చెక్క సుత్తి చేతిలో పట్టుకుని మొదలుపెట్టాడు. రెదోందో అన్నాడు. ఉన్నాను. కాబెరో అన్నాడు. ఉన్నాను. మూడోదీ పలికింది.

"సాన్‌రోమాన్."

జవాబు రాలేదు. పిల్ల గొంతు ఆరిపోయిందేమో అనుకుంది ఒబ్దూలియా. దల్మాసియో దగ్గి, మళ్లీ పిలిచాడు.

"సాన్‌రోమాన్."

నోయెలియా పెదవులు బిగించి ఉంది. భయం లేదు, మొండితనం కూడా లేదు. తనని కానట్టు, ఇంకెవరినో పిలుస్తున్నట్టు, మర్యాదగా ఎదురుచూస్తోంది. తలలు తిరగడం మొదలైంది. మూడోసారి పిలవడం ఆ ఊళ్లో లేదు. పలకని దండె మరో ఇంటికి పోతుంది. వెనక వరసలోంచి ఒకడు అప్పటికే భుజం మీద కంబళి సర్దుకున్నాడు.

ఒబ్దూలియాకి ముందు ఒళ్లంతా భగ్గుమంది. ఇంత చేసి, ఇన్ని గడపలు తొక్కి, ఇందరితో నోరు పారేసుకుని తెచ్చిపెడితే ఇదా? ఆ వేడిలోనే స్తంభం వెనక తెల్మో కనిపించాడు. అతను పల్లకిని చూడటం లేదు. కూతురు తన పేరు విడిచే క్షణం చూడలేక బూట్లు చూసుకుంటున్నాడు. దల్మాసియో నోయెలియాని అన్నమాటే, ఈ వారమంతా తను మొగుడితో అంది. వెనక్కి జరుగు అని. అతను జరిగాడు. పాలు తక్కువ పడతాయి అన్నాడు.

ఆమె వరసలోంచి ఒక అడుగు ముందుకేసింది. కొవ్వొత్తి ఒరిగి మైనం చేతి మీద కారింది.

"మా పిల్లది ఎక్స్‌పోసితో అండీ," అంది. "అలా పిలవండి."

గొంతు తను అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది. అయినా చర్చి అంతా వినిపించింది. దల్మాసియో ఆమెని చూశాడు, ఫాదర్‌ని చూశాడు, తలుపు అవతల ఎదురుచూస్తున్న వాద్యాల వాళ్లని చూశాడు. ఫాదర్ కిందకి చూస్తూ జపమాల తిప్పుకుంటున్నాడు. అటు కంబళివాడు, ఇటు కదలని పిల్ల. దల్మాసియో సుత్తి ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎక్స్‌పోసితో," అన్నాడు, నోట్లో కొత్త పన్ను తగిలినట్టు.

"ఉన్నాను," అంది నోయెలియా.

ఆ మాటతో పాటే స్తంభం వెనక నుంచి ఇంకో "ఉన్నాను" వచ్చింది. బడిలో హాజరు పిలిచినట్టు తెల్మో నోరు దానంతటదే పలికేసింది. పలికి, నాలుక్కరుచుకుని, మెడ దాకా ఎర్రబడ్డాడు. అందరూ అతనివైపు చూశారు. ఎవరూ నవ్వలేదు.

దల్మాసియో సుత్తితో కొట్టాడు, పల్లకి లేచింది.